నడివీధి కంచు – 9: రికాబులు లేని దొర

పోయిన వారం నీల్ దొర బొమ్మను మౌంట్ రోడ్డు మీంచి లేపేసిన వైనం చెప్పుకున్నాం. 1857లో అలహాబాదు, కాన్పూరుల్లో చిక్కినవాళ్ళను చిక్కినట్టే చెట్లకు వేలాడదీయించిన సేనాని అతను. 1927లో జనం ఆ విగ్రహం ముందు సత్యాగ్రహానికి దిగారు. పదేళ్ళు గడిచాక, 1937లో రాజాజీ మంత్రివర్గం దాన్ని అక్కణ్ణించి తీయించింది. ఇప్పుడది ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

అదే రోడ్డున కోట వైపు సాగితే కూవం నది దాటగానే దీవి మైదానం వస్తుంది. పొంగలి రోజుల్లో ఎగ్జిబిషన్ పెట్టేది అక్కడే. రోడ్డు నడిమధ్య ఎత్తయిన రాతి పీఠం మీద నల్లటి గుర్రం, దాని మీద ఇంకో దొర. పేరు సర్ థామస్ మన్రో. ఈయన్ని మాత్రం ఎవరూ దించలేదు. తెల్లదొరల బొమ్మలు ఒక్కొక్కటిగా మ్యూజియానికో గిడ్డంగికో చేరుతున్న కాలంలోనూ ఈ గుర్రం నాలుగు కాళ్ళూ ఆనించి అలాగే నిలబడింది.

ఆయన మద్రాసుకు గవర్నరే కావచ్చు గానీ, ఆ గుర్రం ఎక్కడానికి మెట్లు మాత్రం మన సీమలో కట్టుకున్నాడు. కడప, అనంతపురం, బళ్ళారి, కర్నూలు ప్రాంతాల మట్టి లేకపోతే ఆ కంచు లేదు. అందుకే ఈ వారం కథ కాస్త అటూ ఇటూ తిరుగుతుంది.

ముందు బొమ్మ సంగతి.

మద్రాసులో నాలుగు రోజులున్న తెలుగువాడికి ఎవరో ఒకరు ఈ కథ చెప్పకుండా ఉండరు. నాకు చెప్పింది ఓ ఆటో డ్రైవరు. "సార్, ఆ గుర్రానికి జీను లేదు చూడండి. రికాబులూ లేవు. చేసినాయన మరిచిపోయాడు. అంతా అయ్యాక ఎవరో చిన్నపిల్లాడు అడిగాడంట, ఆ తాతకి కాళ్ళు పెట్టుకోడానికి ఏదీ అని. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు." అరవం, తెలుగూ కలిపి చెప్పాడు. చెబుతూ చెబుతూ బండి నెమ్మది చేసి, నేను చూశానని నమ్మకం కుదిరాకే మళ్ళీ వేగం అందుకున్నాడు.

చూశాను. నిజమే. జీను లేదు, రికాబులు లేవు. దొర కాళ్ళు గుర్రానికి రెండు పక్కలా ఊరికే వేలాడుతున్నాయి. మా పల్లెల్లో గాడిద మీద చాకలి కుర్రాడు కూర్చునే తీరు అదే. తేడా అల్లా, ఈయన ఒంటి మీద మేజర్ జనరల్ దుస్తులున్నాయి.

ఇలాంటి కథంటే మనకు మహా ఇష్టం. జక్కన్న చెక్కిన విగ్రహం పొట్టలో కప్ప ఉందని కొడుకు పట్టుకోవడం, తండ్రి తన చెయ్యి తానే నరుక్కోవడం వింటూ పెరిగినవాళ్ళం. గొప్ప పనిలో ఓ లోపం, ఆ లోపాన్ని పసివాడు కనిపెట్టడం, పనివాడు ప్రాణమో చెయ్యో పోగొట్టుకోవడం. కథ ఒకటే, ఊళ్ళే వేరు. దీవి మైదానం గుర్రానికి కూడా అదే కథ తొడిగేశాం. జీను లేని లోటు అలా తీరింది.

ఆ శిల్పి పేరు సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ. 1781లో ఇంగ్లండులో షెఫీల్డు దగ్గరి నార్టన్ అనే పల్లెలో వడ్రంగి ఇంట పుట్టాడు. చిన్నతనంలో చెక్క మీద చెక్కుడు పని నేర్చుకున్నాడు. లండన్ చేరాక రాజుల దగ్గర్నుంచి పండితుల దాకా ఆ కాలపు పెద్దలందరి ముఖాలూ అతని చేతి కిందికి వచ్చాయి. పాలరాతి పనిలో పేరు గడించాక కంచుకు దిగాడు. లండన్‌లో పిమ్లికో పేటలో ఇంటి దగ్గరే సొంత కొలిమి పెట్టుకున్నాడు. అది చిన్న విషయం కాదు. రాతి శిల్పికి ఉలి, సుత్తి ఉంటే చాలు. కంచు బొమ్మకు ముందు మట్టితో నమూనా, దాన్నుంచి అచ్చు, ఆ అచ్చులోకి రాగి, తగరం కరిగించి పోసే కొలిమి కావాలి. పోతలో ఎక్కడ గాలి బుడగ చిక్కుకున్నా నెలల పని మట్టిపాలు. గుర్రమంత బొమ్మను ఒక్క పోతలో తీయరు. ముక్కలుగా పోసి అతికి, అతుకు కనిపించకుండా చిత్రిక పడతారు.

అలాంటి పనివాడు రికాబులు మరిచిపోతాడా? నమూనా రోజుల తరబడి కళ్ళెదుట నిలబడి ఉంటుంది. సహాయకులు చుట్టూ తిరుగుతుంటారు. డబ్బిచ్చినవాళ్ళు వచ్చి చూసిపోతుంటారు. ఇంతమందిలో ఒక్కడూ అడగలేదంటే నమ్మబుద్ధి కాదు.

అంతకంటే గట్టి సాక్ష్యం లండన్ నడిబొడ్డున ఉంది. ట్రఫాల్గర్ స్క్వేరులో నాలుగో జార్జి రాజు గుర్రం మీద కూర్చుని ఉంటాడు. అదీ చాంట్రీ చేసిందే. దానికీ జీను లేదు, రికాబులు లేవు. 1829లో రాజు తానే పురమాయించిన బొమ్మ అది. మార్బుల్ ఆర్చి మీద నిలపాలనుకుని, 1843లో తాత్కాలికంగా అంటూ ట్రఫాల్గర్ స్క్వేరులో పెట్టారు. ఆ తాత్కాలికం నేటికీ నడుస్తోంది. లండన్‌లోనే రాయల్ ఎక్స్చేంజి ముందు వెల్లింగ్టన్ డ్యూక్ గుర్రం మీద ఉన్నాడు. చాంట్రీ మొదలుపెట్టగా, అతను పోయాక శిష్యుడు హెన్రీ వీక్స్ పూర్తిచేసి 1844లో నిలిపిన విగ్రహం. ఆ గుర్రానికీ రికాబులు లేవు. అంటే చాంట్రీ చేసిన గుర్రాలు మూడూ ఒకే తీరు. ఒకదాంట్లో మరిచిపోయాడంటే సరే. మూడింట్లోనూ మరిచిపోయాడంటే దాన్ని మరుపనరు, పద్ధతంటారు.

ఆ పద్ధతి ఎక్కణ్ణించి వచ్చిందన్నది నా ఊహ, ఊహగానే తీసుకోండి. చాంట్రీ 1819లో ఇటలీ వెళ్ళి వచ్చాడు. రోములో మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి కంచు గుర్రం లోకప్రసిద్ధం. దానికి రికాబులుండవు. రోమన్లకు రికాబు అంటేనే తెలియదు. పాతకాలపు వీరుడిలా చూపించాలంటే రికాబులు తీసేయాలని ఐరోపా శిల్పులకు ఆ గుర్రమే నేర్పింది. గుర్రాన్ని ఎగరనివ్వకుండా, ముందు కాళ్ళు లేపనివ్వకుండా, నాలుగు కాళ్ళ మీదా నిశ్చలంగా నిలపడం మాత్రం చాంట్రీ సొంత అభిరుచి. విగ్రహాల గుర్రం కాళ్ళ మీద ఇంకో జనశ్రుతి కూడా ఉంది కదా. రెండు కాళ్ళు లేస్తే యుద్ధంలో పోయాడని, ఒకటి లేస్తే గాయాలతో పోయాడని, నాలుగూ నేల మీదుంటే మంచం మీద పోయాడని. ఆ సూత్రానికి పునాది ఏమీ లేదు. మన్రో విషయంలో మాత్రం కాకతాళీయంగా సరిపోయింది.

ఇక ప్రాణం తీసుకోవడమంటారా. మన్రో బొమ్మ మద్రాసులో నిలిచింది 1839 అక్టోబరు 23న. చాంట్రీ గుండె ఆగి పోయింది 1841 నవంబరు 25న, లండన్‌లో తన ఇంట్లో. మధ్యలో రెండేళ్ళ పైచిలుకు. ఆ రెండేళ్ళలో అతను సిగ్గుతో కుమిలిపోయిన జాడ లేదు. వెల్లింగ్టన్ కోసం ఇంకో రికాబుల్లేని గుర్రం సిద్ధం చేసే పనిలో ఉన్నాడు. బోలెడంత ఆస్తిని బ్రిటిష్ కళాఖండాలు కొనడానికి రాసిపెట్టి పోయాడు. ఆ డబ్బుతో కొన్న బొమ్మలు ఈనాడు లండన్‌లోని టేట్ గ్యాలరీలో ఉన్నాయి. ఆటో డ్రైవరుకు ఇదంతా చెప్పాలనిపించింది గానీ, అప్పటికే నేను దిగే చోటు వచ్చేసింది.

ఈ విగ్రహం చందాల బొమ్మ. 1827లో మన్రో పోగానే మద్రాసులో సభ పెట్టి చందాలు పోగుచేశారు. బొమ్మ లండన్‌లో తయారై 1838లో ఓడెక్కింది. సూయజ్ కాలువ ఇంకా లేదు. ఆఫ్రికా కొస చుట్టి నెలల తరబడి రావాలి. వచ్చాకైనా సుఖం లేదు, మద్రాసుకు రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసుకుంటే, ఒక్క మేకు కూడా లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలల మీద ఎగిరిపడుతూ వెళ్ళి మనిషినైనా సరుకునైనా దించుకొచ్చేవి. గవర్నరు దొరసానులు ఆ పడవల్లో తడిసి ముద్దయి, పల్లెకారుల భుజాల మీద ఒడ్డుకు చేరేవారు. బొమ్మ బరువు సుమారు ఆరు టన్నులంటారు. ముక్కలుగా తెచ్చినా ఒక్కో ముక్కా చిన్నది కాదు. ఆ అలల్లో దాన్ని ఒడ్డుకు చేర్చిన చేతులెవరివో ఏ శిలాఫలకమూ చెప్పదు. నన్నడిగితే చాంట్రీ పనితనానికి ఏమాత్రం తీసిపోని పని అది.

సరే, ఎవరీ మన్రో?

1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం రాగానే దివాలా తీశాడు. కొడుకు పద్దెనిమిదో ఏట కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. చిన్నప్పుడు తట్టు వచ్చి చెవులు సరిగ్గా వినపడేవి కావు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. హైదరాలీతో, టిప్పుతో యుద్ధాల్లో తిరిగాడు. తర్వాత సేలం వైపు బారామహల్‌లో శిస్తుల పని నేర్చాడు. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక మైసూరు పంపకాల సంఘానికి కార్యదర్శుల్లో ఒకడయ్యాడు. ఆపైన కన్నడ తీరంలో కొన్ని నెలలు కలెక్టరు చేశాడు. ఆర్థర్ వెల్లెస్లీతో స్నేహం ఆ రోజుల్లోదే. ఆ వెల్లెస్లీయే తర్వాతి వెల్లింగ్టన్ డ్యూక్. పాత మిత్రులిద్దరూ చివరికి ఒకే శిల్పి చేతిలో పడ్డారు. ఒకరు లండన్‌లో, ఒకరు మద్రాసులో, ఇద్దరికీ కాళ్ళు వేలాడుతూనే.

1800 అక్టోబరులో నిజాం తన దగ్గర కంపెనీ ఉంచిన సైన్యం ఖర్చు కింద కొన్ని సీమలు ధారాదత్తం చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలో చాలా భాగం. అవే దత్త మండలాలు. మనది దత్తతకు పోయిన సీమ కాదని, ఆ పేరు వద్దని 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు ఇచ్చే దాకా అదే పిలుపు. ఆ దత్త మండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు మన్రో. 1800 నుంచి 1807 దాకా ఏడేళ్ళు. కాపురం సగానికి సగం గుడారాల్లోనే.

ఆ ఏడేళ్ళలో ఆయన చేసిన పెద్ద పని కొలత. 1802లో భూమి కొలవడం మొదలుపెట్టినప్పుడు సీమ మొత్తం మీద కొలత తెలిసిన గుమాస్తాలు కచేరీలో నలుగురే. ఆ నలుగురూ ఇంకొందరికి నేర్పగా, వాళ్ళు మరికొందరికి నేర్పగా, చివరికి వందమంది అయ్యారు. చేతిలో 33 అడుగుల గొలుసు. కొండలు, గుట్టలు తప్ప మిగతా నేలంతా కొలిచారు. 33 అడుగుల చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. ఇప్పటికీ మన తెలుగు నేలలో చాలాచోట్ల, కర్ణాటకలో, పొలం బేరాలాడేవాళ్ళ నోట గుంటే కదా పలికేది. జమీందారో పాలెగాడో నడుమ లేకుండా ప్రతి రైతు పేరునా పట్టా రాసి, అతని దగ్గరే శిస్తు తీసుకోవడం రైత్వారీ. ఆ పద్ధతికి పురుడు పోసింది బారామహల్‌లో రీడ్ అనే దొర అయినా, పెంచి పెద్దచేసింది దత్త మండలాల్లో మన్రో.

బడిపుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. రైతుకు నేరుగా పట్టా ఇచ్చిన మంచి దొర అని రాసి ఊరుకుంటాయి. మన్రో మాత్రం ఊరుకోలేదు. తన లెక్క తానే వేసుకుని కంపెనీకి రాశాడు. తాము వేసిన శిస్తు పంటలో నూటికి నలభై అయిదు వంతులని, మూడో వంతుకు దించితే తప్ప రైతుకు భూమి సొంతమన్న మాటకు అర్థం ఉండదని, అందుకు నూటికి ఇరవై అయిదు తగ్గించాలని 1807లో సిఫారసు చేశాడు. పంటలో నలభై అయిదు! తూమెడు గింజల్లో సగానికి కొంచెం తక్కువ కచేరీకి పోతుందని, వేసినవాడే ఒప్పుకున్న లెక్క. పైవాళ్ళు ఆ సిఫారసును పక్కన పెట్టారు. ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయాక ఊళ్ళకు ఊళ్ళు గుత్తకిచ్చి ఇంకా పాడుచేశారు. 1820లో తానే గవర్నరై తిరిగి వచ్చాకగానీ ఆ తగ్గింపు సీమ రైతుకు అందలేదు.

అప్పటిదాకా జరిగిందేమిటి? ఆయన కలెక్టరుగా ఉన్న ఏడేళ్ళలో దత్త మండలాల శిస్తు సుమారు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లకు పెరిగింది. అంటే ఒకటికి ఒకటిన్నర. రైతు మీద జాలి ఉన్నవాడే. ఆ జాలిని కాగితం మీద పెట్టినవాడే. కానీ వసూలు ఆపినవాడు కాదు.

పాలెగాళ్ళ సంగతి ఇంకో రకం. సీమలో చిన్నా పెద్దా ఎనభై మంది దాకా పాలెగాళ్ళున్నారని, వాళ్ళ కింద వేలకు వేల బంట్లున్నారని మన్రో లెక్క తీశాడు. కోటలు కూలగొట్టాడు, ఎదురు తిరిగినవాళ్ళను తరిమాడు, మిగిలినవాళ్ళకు భరణం పడేసి కూర్చోబెట్టాడు. సాకులు వెతికి మరీ పాలెగాళ్ళను వెళ్ళగొడుతున్నావని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆయన్ని మందలించారు. కంపెనీ డైరెక్టర్లకే మొహమాటం వేసిందంటే ఆలోచించండి. ఆ భరణాల కథ ఎక్కడ తేలిందో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి భరణం ఆయనతోనే చెల్లిపోయిందని, వారసుడికి రాదని కచేరీలో తేల్చి చెప్పారు. ఆ వారసుడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. కొన్నేళ్ళ పాటు ఆ తలను జనం చూసేలా వేలాడదీసి ఉంచారు. అది కూడా నడివీధిలో నిలిపిన బొమ్మే అనాలి. చందాలు పోగుచేసి పెట్టలేదు, అంతే.

అంతకుముందే తెర్నేకల్లు ఉంది. పత్తికొండ పక్కన, ఇప్పటి దేవనకొండ మండలంలోని ఊరు. 1801లో ఆ ఊరు శిస్తు కట్టనని మొరాయించింది. వసూలుకు వెళ్ళినవాళ్ళ మీద తిరగబడింది. కంపెనీ దండు వచ్చి ఊరి కోటను ముట్టడించింది. చివరికి ఊరి పెద్ద ముత్తుకూరు గౌడప్పను ఉరితీశారు. మన్రో ఏలుబడి మొదలై అప్పటికి నిండా రెండేళ్ళు కాలేదు. కలెక్టరు మాట మెత్తన, చెయ్యి గట్టి అని సీమకు అప్పుడే తెలిసింది.

మరి ఇలాంటి మనిషి మీద సీమలో అన్ని కథలెలా పుట్టాయి?

మంత్రాలయం కథ అందరికీ తెలిసిందే. మఠం ఇనాం భూమిని కలుపుకునే ప్రసక్తి వచ్చింది. విచారణకు దొర వచ్చి, టోపీ తీసి, చెప్పులు విడిచి బృందావనం ముందు నిలబడ్డాడు. 1671లోనే సజీవంగా బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారు. పక్కనున్నవాళ్ళకు దొర మాటలే వినిపించాయట, స్వామి మాటలు కాదు. ఇనాం నిలిచింది. చెవులు సరిగ్గా వినపడని మనిషికే ఆ మాటలు వినపడ్డాయన్న ముచ్చట మాత్రం ఈ కథ చెప్పేవాళ్ళెవరూ చెప్పగా నేను వినలేదు.

కడప జిల్లాలో పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోట గండి వీరాంజనేయస్వామి గుడి ఉంది. ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టి ఉంటుందని, అది పుణ్యాత్ములకే, అదీ ఆయువు తీరేముందే కనిపిస్తుందని అక్కడి నమ్మకం. మన్రో ఆ దారిన పోతూ తలెత్తి, ఆ తోరణం ఎవరు కట్టారు అని అడిగాడట. వెంట ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిరుమలలోనూ ఆయన పేరుంది. చిత్తూరు సీమలో ఓ పల్లె ఆదాయం స్వామి నైవేద్యానికి ఏర్పాటు చేశాడని, పొంగలి వండిన ఆ గంగాళానికి మన్రో గంగాళమని పేరు పడిందని చెప్పుకుంటారు.

వీటిలో చరిత్ర ఎంత, భక్తి ఎంత అని త్రాసు పట్టుకుని తూచడం నాకు సరదా కాదు. ఒక్కటి మాత్రం తోస్తుంది. ఈ కథల్లో ఎక్కడా ఆయన రైత్వారీ దొర కాదు. గుడి మాన్యం ముట్టుకోకుండా వదిలేసిన దొర. సీమ గుర్తుపెట్టుకున్నది ఆయన ఇచ్చిన పట్టాను కాదు, ఆయన తీసుకోకుండా వదిలిందాన్ని. నలభై అయిదు వంతులు తీసుకునే రాజ్యంలో, ఒకచోటయినా చెయ్యి వెనక్కి తీసుకున్నవాడు దేవుడికి దగ్గరివాడుగానే కనిపిస్తాడు.

భాష సంగతి కూడా ఉంది. కింద పనిచేసే దొరలకు జనం భాష రావాలని పట్టుబట్టినవాడు మన్రో. 1820లో గవర్నరుగా కోట కాలేజీలో కుర్ర సివిలియన్లను కూర్చోబెట్టి ఇదే చెప్పాడు. ఆ కుర్రాళ్ళలో ఒకడు అదే ఏడు కడపకు ఉద్యోగానికి వచ్చాడు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తర్వాత జరిగింది మనకు తెలిసిందే. 1822లో మన్రో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతటా వీధి బడుల లెక్క తీయించాడు. కోటీ ఇరవై ఎనిమిది లక్షల జనానికి 12,498 బడులని తేలింది. దొరలు రాకముందు మనకు చదువే లేదన్న వాదనకు జవాబుగా ఈ లెక్కను నేటికీ పండితులు వాడుకుంటున్నారు.

1827 ఎండాకాలం. రాజీనామా చేసి కొత్త గవర్నరు కోసం ఎదురుచూస్తున్నాడు. భార్య, బిడ్డ అంతకుముందే ఇంగ్లండు వెళ్ళిపోయారు. ఓడెక్కేముందు ఒకసారి సీమ చూసొస్తానని బయల్దేరాడు. ఊళ్ళల్లో గత్తర రేగి ఉంది. గుత్తి చేరేసరికి వెంట ఉన్న పరివారంలోనూ మొదలైంది. జులై 6 పొద్దున పత్తికొండ చేరాడు. ఆ పూటే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రాత్రికి ప్రాణం పోయింది. శవాన్ని గుత్తికి తెచ్చి కోట కింద పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర రాతి మెట్ల బావి తవ్వించారు, తోపు వేయించారు. గుత్తిలో బాటసారులకు సత్రం కట్టించారు. పత్తికొండ నుంచి తెర్నేకల్లు ఎంతో దూరం లేదు.

విగ్రహం నిలబెట్టిన 1839 అక్టోబరు 23కు ఒక తెలుగు ముడి ఉంది. దానికి సరిగ్గా అయిదు రోజుల ముందు, అక్టోబరు 18న, కర్నూలు పక్క జొహరాపురంలో కంపెనీ దండు నవాబు గులాం రసూల్ ఖాన్ మనుషులను కొట్టి ఆయన్ని పట్టుకుంది. దత్త మండలాల నడుమ మిగిలిపోయిన కర్నూలు నవాబీ కాస్తా అలా కంపెనీ పాలయింది. సీమలో ఆ నవాబీ కూలిన వారంలోనే, సీమను మొదట కొలిచినవాడు మద్రాసులో పీఠమెక్కాడు. ఎవరూ ముహూర్తం చూసి పెట్టింది కాదు, అలా కలిసొచ్చింది.

నీల్‌ను దించి మన్రోను ఉంచడం న్యాయమేనా అని అడిగిన పాఠకులు ఇద్దరు ముగ్గురున్నారు. నా మటుకు ఉంచడమే సరి. నీల్ బొమ్మ పెట్టింది చంపినందుకు. మన్రో బొమ్మ పెట్టింది ఏలినందుకు. రెంటికీ తేడా ఉంది. కానీ పీఠం పక్కన ఇంకో చిన్న పలక పెట్టాలంటాను. దాని మీద తెర్నేకల్లు అని, నూటికి నలభై అయిదు అని రాస్తే చాలు. రికాబుల కథ చెప్పే ఆటో డ్రైవరుకు చెప్పుకోడానికి ఇంకో కథ దొరుకుతుంది.

చివరగా ఒక మనవి. ఆయన పోయాక చాలా ఏళ్ళు సీమలో పుట్టిన పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల పాఠకులు ఇంట్లోని పాత పట్టాలు, దస్తావేజులు, పెళ్ళి పత్రికలు ఓసారి తిరగేయండి. ఎక్కడైనా ఆ పేరు తగిలితే, ఏ ఊరో ఏ ఏడో చెబుతూ పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి.